పైన్ చెట్టుతో నా పెళ్లి ఎలా తప్పిందంటే

"నేనిది వేసుకోను."

గేజా ఆ టీషర్టుని రెండు వేళ్లతో ఎత్తి పట్టుకున్నాడు, చచ్చిన ఎలుకని పట్టుకున్నట్టు. నిమ్మపండు రంగు టీషర్టు. ఛాతీ మీద జానెడేసి అక్షరాలు: ఇంకా పెళ్లి కాలేదు.

"ఎందుకు వేసుకోవు? నీ సైజే. ఎడం చెయ్యి కాస్త పొడుగు, అంతే."

"చెయ్యి సంగతి కాదు ఇలోంకా. నాకు పెళ్లయింది."

"తెలుసు. నాతోనేగా."

"అబ్బ! గుర్తుందన్నమాట."

అది 1987 ఫిబ్రవరి. మాకు పెళ్లయి నెలరోజులు. ఆ సంగతి తెలిసినవాళ్లు భూమ్మీద ఐదుగురు: మేమిద్దరం, సాక్షి సంతకాలు చేసిన ఇద్దరు స్నేహితులు, పక్క పట్నం సోబోటా రిజిస్ట్రారు ఆఫీసులో ముక్కు చీదుకుంటూ ముద్ర వేసిన ఆవిడ. మా అమ్మకి తెలియదు. మా ఊరికి తెలియదు. ఊరికి తెలియకపోవడం మామూలు ఏడాదిలో అయితే పెద్ద విషయం కాదు. కానీ ఆ ఏడు మా ఊరు నాకు పైన్ చెట్టుతో పెళ్లి చెయ్యబోతోంది.

మా సబోలిన్సి హంగరీ సరిహద్దుకి ఆనుకుని ఉన్న కొండ ఊరు. అక్కడొక ఆచారం ఉంది. చలికాలం మొదలైనప్పటి నుంచి ఈస్టరు ఉపవాసాలు వచ్చేదాకా ఊళ్లో ఒక్క పెళ్లి కూడా జరగకపోతే ఊరు సిగ్గుపడాలి. సిగ్గుపడటమంటే తలుపులేసుకుని కూర్చోవడం కాదు. నలుగురినీ పిలిచి, విందు పెట్టి మరీ సిగ్గుపడాలి. అడవిలో అన్నిటికన్నా పొడుగైన పైన్ చెట్టుని కొట్టి, పెళ్లికానివాళ్లంతా తాళ్లు కట్టి ఊళ్లోకి ఈడ్చుకురావాలి. ఒక అమ్మాయిని పెళ్లికూతురిలా ముస్తాబు చేసి ఆ మాను మీద ఊరేగించి, దానికే ఇచ్చి పెళ్లి చెయ్యాలి. పాస్టరు దొంగ పాస్టరు. బ్యాండు, భోజనం మాత్రం నిజం. చుట్టుపక్కల ఊళ్ల నుంచి వేలమంది వస్తారు, మనల్ని చూసి నవ్వడానికి. రెండు నెలల చాకిరీ.

ఊళ్లో ఒక్క పెళ్లి జరిగితే ఇదేమీ అక్కర్లేదు.

జరిగింది. అదే చిక్కు.

మేం ఊరిని మోసం చెయ్యాలని చేసింది కాదు. నేనూ గేజా సోబోటాలో బట్టల ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్లం. నేను మారిబోర్‌లో చదువుకుని వచ్చి అచ్చువేసే విభాగంలో చేరాను. అతను కుట్టు మిషన్లు బాగుచేసేవాడు. మా మొదటి పరిచయం కూడా ఒక మిషను విషయంలో తగువే. ఆ మిషను ఇప్పటికీ నాదే తప్పు అంటుందట, అతను చెబుతాడు. ఆ జనవరి ఆఖరుకల్లా ఫ్యాక్టరీ ఇళ్ల జాబితా మూసేస్తున్నారు. పెళ్లయినవాళ్లకే ముందు వరస. అందుకని పదిహేడో తారీఖు శనివారం వెళ్లి సంతకాలు పెట్టేశాం. కాగితం ఇప్పుడు, పెళ్లి శరదృతువులో అనుకున్నాం. ఎంతో తెలివైనవాళ్లం అనుకున్నాం కూడా. ఆ హడావుడిలో పైన్ చెట్టు సంగతి ఇద్దరికీ గుర్తే రాలేదు.

అమ్మకి ఎందుకు చెప్పలేదంటే, మా అమ్మ ఎతెల్కా పెళ్లి ఆఫీసులోనే జరిగింది. యాభైల్లో మా నాన్నది మునిసిపాలిటీ ఉద్యోగం. కమ్యూనిస్టు పాలన, చర్చి గుమ్మం తొక్కితే ఉద్యోగం పోయే రోజులు. ఎవరిదో కోటు అరువు తెచ్చుకుని, రెండు ఫైళ్ల మధ్య పెళ్లి చేసుకున్నారు. నాన్న పోయి పన్నెండేళ్లయినా అమ్మకి ఆ దిగులు పోలేదు. "నా కూతురు మాత్రం చర్చి గంటలు మోగుతుంటే నడుస్తుంది" అని నా ఎనిమిదో ఏట నుంచీ చెబుతోంది. నా వంతు గంటలకి బదులు పక్కగదిలో టైపు మిషను మోగిందని ఆవిడకి ఎలా చెప్పను?

---

టీషర్టుల ఆలోచన అలదార్ బాబాయిది. బాబాయి మా ఊరి అగ్నిమాపక దళం నాయకుడు. మీసాలు తప్ప మిగతా మనిషంతా గుండ్రం. ఊళ్లో మంటలు ఎప్పుడో గానీ రేగవు కాబట్టి పండగలన్నీ ఆ దళమే చేస్తుంది.

"పోయినసారి గందరగోళం అయింది," అన్నాడు మీటింగులో. "ఎవరికి పెళ్లయిందో ఎవరికి కాలేదో తెలీక మా బావమరిది కూడా తాడు లాగాడు. వాడికి ముగ్గురు పిల్లలు. ఈసారి అందరికీ టీషర్టులు. కానివాళ్లకి పసుపు, ఇంకా పెళ్లి కాలేదు. అయినవాళ్లకి పచ్చ, అయిపోయింది. మన ఇలోంకా ఫ్యాక్టరీ నుంచి వంకరవి తెచ్చి అచ్చేసి పెడుతుంది. ఏమ్మా?"

నేను తలూపాను. ఇంకేం చేస్తాను.

"ఏం అయిపోయింది?" అన్నాడు వెనక నుంచి కారెల్, పెళ్లయి ఇరవయ్యేళ్లయినవాడు. "మనిషా?"

"నువ్వు వేసుకో, చూసినవాళ్లకే తెలుస్తుంది," అంది వాళ్లావిడ.

"ఊళ్లో అందరికీ తెలిసిందేగా. మళ్లీ ఛాతీ మీద ఎందుకు?"

"తెలియని ఊళ్ల నుంచి కూడా ఆడవాళ్లు వస్తారు. వాళ్లకోసం."

కుర్రకారు మాత్రం పండగ చేసుకున్నారు. ఒకడు పసుపువి రెండు కావాలన్నాడు, ఒకటి ఉతికినప్పుడు ఇంకోటి ఉండాలిగా అని.

అప్పుడు ఓల్గా టీచర్ లేచింది. నలభై ఒకటి దాటిన మనిషి, సగం ఊరికి అక్షరాలు నేర్పింది, పెళ్లి చేసుకోలేదు. "నా పేరు బడి గుమ్మం మీద రాసి ఉంది. అది చాలదా అలదార్? ఒంటి మీద నోటీసు బోర్డు కూడానా?"

"అబ్బే, సరదాకి టీచర్‌గారూ."

"ఎవరి సరదా? తొడుక్కున్నవాళ్లదా, చదివినవాళ్లదా?"

బాబాయి మీసం సవరించుకున్నాడు. మా వీధి చివర షారికా మామ్మ ఆయన్ని ఆదుకుంది, తన పద్ధతిలో.

"నాకే రంగురా?"

"నీకు పచ్చ, మామ్మా."

"పచ్చ అంటే ఇంట్లో మొగుడున్నట్టు. మా ఆయన కొండ మీద సమాధిలో పడుకుని పదేళ్లయింది."

"పోనీ పసుపు."

"ఇంకా అంటే ఏంటిరా, ఇంకా? డెబ్బై రెండేళ్లు నాకు. నేనేమైనా బస్సుకోసం నిలబడ్డానా?"

"మరేం రాయమంటావ్?"

"అడగొద్దు అని రాయి."

ఆవిడకి బూడిదరంగుది అచ్చేశాను తర్వాత. అడగొద్దు. ఆ ఏడు అందరికన్నా బాగా అమరింది ఆవిడకే. ఆ మాట మీద నవ్వులైపోయాక బాబాయి గొంతు సవరించుకున్నాడు.

"ఇక పెళ్లికూతురు. దీనికి ఓట్లక్కర్లేదు. నాలుగేళ్లుగా చెట్టాపట్టాలేసుకుని తిరుగుతూ, ఓ మాట అనుకోకుండా, ఊరందరి చేతా ముప్ఫై మీటర్ల మాను ఈడ్పిస్తున్నది ఎవరు?"

అన్ని తలలూ మా ఇద్దరి వైపు తిరిగాయి.

"ఓ సంతకం పెట్టి పారేస్తే మా నడుములు మిగిలేవిగదరా!" అన్నారెవరో.

గేజా నోరు తెరిచాడు. నేను అతని కాలు తొక్కాను. గట్టిగా తొక్కాను.

మా అమ్మ ముందు వరసలోంచి లేచి నిలబడింది, మొహం వెలిగిపోతూ. "మా పిల్ల పసుపు టీషర్టు నేనే ఇస్త్రీ చేసిస్తాను. ఇదే ఆఖరిసారి లెండి. శరదృతువులో చర్చిలో చేస్తున్నాను, ఊరందరూ రావాలి!"

అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

---

ఇప్పుడు ఆ అచ్చుగది లేదు, ఆ ఫ్యాక్టరీ లేదు. కానీ ఆ రంగు వాసన మాత్రం ఎప్పుడైనా కొత్త గుడ్డ సంచి కొనుక్కుంటే నా ముక్కుకి తగులుతుంది, ఒక్కసారిగా నాకు ఇరవై నాలుగేళ్లు వచ్చేస్తాయి. షిఫ్టు మధ్యాహ్నం రెండింటికి అయ్యేది. అందరూ వెళ్లాక బల్ల మీద టీషర్టు పరిచి, జాలీ బిగించిన చట్రం దించి, రబ్బరు పలకతో రంగు ఒక్క లాగు లాగేదాన్ని. చట్రం ఎత్తితే అక్షరాలు తడితడిగా మెరిసేవి. ఇంకా పెళ్లి కాలేదు. ఇంకా పెళ్లి కాలేదు. ఆరబెట్టే తీగల మీద వరసగా వేలాడేవి. ఆ వరస చివర గేజా నిలబడి ఉన్నాడు, చేతిలో చచ్చిన ఎలుకతో.

"నువ్వే చట్రం దించి, నువ్వే రంగు లాగి, అరవైసార్లు అచ్చేశావు."

"అరవై రెండు. రెండు చెడిపోయాయి."

"నవ్వులాట కాదు."

"గేజా, ఒక్క ఆదివారం. కళ్లు మూసుకుని తొడుక్కో. అయిపోతుంది. ఇప్పుడు బయటపెడితే పండగ ఆగిపోతుంది. సగం ఏర్పాట్లయ్యాయి. అమ్మ ఒకపక్క..."

"అమ్మ సంగతి నాకు తెలుసు. అందుకే శరదృతువుదాకా ఆగుతానన్నాను. ఎవరికీ చెప్పనన్నాను. నోరు మూసుకుంటానన్నాను, ఛాతీ మీద రాసుకుంటానని అనలేదు."

ఇంకో టీషర్టు పరిచాను.

"ఇలోంకా, ఆ రోజు రిజిస్ట్రారు అడిగినప్పుడు నువ్వేమన్నావో గుర్తుందా?"

"అవునన్నాను."

"ఊఁ అన్నావు. అవును అని కూడా కాదు. పక్కన టైపు మిషను. నాకు సగమే వినపడింది. ఫర్వాలేదులే, శరదృతువులో గట్టిగా అంటుంది అనుకున్నాను." అతను టీషర్టుని నాలుగు మడతలు పెట్టాడు, చాలా నెమ్మదిగా. "ఇప్పుడు మూడువేలమంది ముందు ఒక చెట్టుకి గట్టిగా అవునంటావు. మొదట ఆ మాట దానికే దక్కుతుంది."

వెళ్లిపోయాడు. రంగు లాగడం మధ్యలో ఆపితే జాలీ మూసుకుపోతుంది. ఆ పూట ఒక జాలీ పాడైంది.

---

తర్వాత పదిరోజులు నాతో మాట్లాడలేదు. అంటే మాట్లాడాడు, "నమస్కారం ఇలోంకాగారూ" అని. అంతకన్నా మాట్లాడకపోవడమే నయం.

చెట్టుని ముందే ఎంచి గుర్తు పెట్టాక, కొట్టేదాకా మగపిల్లలు వంతులవారీగా కాపలా కాయాలి. లేకపోతే పక్క ఊరివాళ్లు వచ్చి కొట్టుకుపోతారు. గేజా వంతు ఒక బుధవారం సాయంత్రం వచ్చింది. నేను అమ్మ నూనెలో వేయించిన పిండి ఉండలు క్రోఫీలు, లోపల ఆప్రికాట్ జామ్, పైన పంచదార పొడి, గిన్నెనిండా పట్టుకుని అడవిలోకి వెళ్లాను. మంచూ కాదు వానా కాదు, రెండూ కలిపి పడుతోంది. అతను చెట్టుకి ఆనుకుని, టోపీ కళ్లదాకా లాక్కుని నిలబడ్డాడు.

"నీ కాబోయే మొగుణ్ణి చూడ్డానికొచ్చావా?" చెట్టుని తట్టాడు. "మంచి పిల్లాడు. నిటారుగా ఉంటాడు. ఎక్కడా ముడులు లేవు."

"తింటావా, తినవా?"

"పెళ్లికాని అమ్మాయిలు పెళ్లికాని అబ్బాయిలతో అడవిలో ఒంటరిగా మాట్లాడితే బాగుండదు. నలుగురూ ఏమనుకుంటారు?"

"గేజా!"

ఒకటి తీసుకుని కొరికాడు. తిండి దగ్గర పంతం నిలబెట్టుకోలేడు, ఈనాటికీ అంతే. మీసం మీద పంచదార పొడి తెల్లగా అంటుకుంది. ఆనాడు చాలా సన్నటి మీసం, నాకోసమే పెంచినది. తుడుద్దామని చెయ్యి చాచాను. ఒక అడుగు వెనక్కి వేశాడు.

"అది పెళ్లాలు చేసే పని," అన్నాడు.

వెటకారంగా అనలేదు. అదే వచ్చింది బాధ. నేను గిన్నె నేలమీద పెట్టేసి కిందికి దిగాను. ఊళ్లోకి వచ్చేదాకా వెనక్కి తిరగలేదు. తిరిగి ఉంటే తను చూస్తూ ఉన్నాడని కనిపించేదట. ఆ సంగతి ఇరవయ్యేళ్ల తర్వాత, నూడుల్స్ పిండి పిసుకుతూ మామూలుగా చెప్పాడు.

---

మార్చి ఒకటి, ఆదివారం. ఎండ కాసింది. రోడ్డుకి రెండుపక్కలా జనం, కంచెల మీద జనం, బడి కిటికీల్లో జనం. పక్క ఊరివాళ్లు అందరికన్నా ముందే వచ్చి మంచి చోట్లు పట్టుకున్నారు, బాగా నవ్వడానికి వీలుగా. ఊరంతా పసుపు, పచ్చ. అగ్నిమాపక దళం షెడ్డు వెనక పెద్ద పెద్ద ఇనప గంగాళాల్లో మూడు రకాల మాంసంతో బోగ్రాచ్ పులుసు ఉడుకుతోంది. అమ్మది అక్కడే పని.

నన్ను మాను మీద కూర్చోబెట్టారు. తెల్ల గౌను, తల మీద మైనపు పూల కిరీటం, గౌను పైన అమ్మ ఇస్త్రీ చేసిన పసుపు టీషర్టు. గౌను మీద టీషర్టు ఏమిటని అడిగాను. "చదవాలిగా జనం!" అన్నాడు అలదార్ బాబాయి. దొంగ పాస్టరు కూడా ఆయనే. నల్లకోటు, బైబిలుకి బదులు టెలిఫోన్ డైరెక్టరీ.

తాళ్ల దగ్గర పెళ్లికానివాళ్లు యాభైమంది, ఎండలో నిమ్మపళ్ల బుట్టలా. మొదటి తాడు గేజాది. మెడదాకా కోటు బిగించుకుని వచ్చాడు.

"కోటు విప్పరా, అక్షరాలు కనపడాలి!" అని అరిచాడు బాబాయి.

"చలి."

"మాను లాగేటప్పుడు చలేంట్రా?"

గేజా నా వైపు ఒక్కసారి చూసి, గుండీలు విప్పాడు. లోపల పసుపు లేదు. తెల్లచొక్కా.

"నీ టీషర్టేదీ?"

"ఉతికితే కురచైపోయింది."

"మన ఫ్యాక్టరీవి కురచవ్వవే! నేను పదేళ్లుగా ఒకటే తొడుక్కుంటున్నా!"

జనం నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఆ చొక్కా నాకు తెలుసు. జనవరి పదిహేడున తొడుక్కున్నది. మెడ దగ్గర గుండీ ఊడితే ఆఫీసు వరండాలో నించుని నేనే కుట్టాను, తెల్లదారం దొరక్క నీలం దారంతో. మూడువేలమందిలో ఆ చొక్కా చదవగలిగేది నేనొక్కదాన్నే.

బ్యాండు మొదలైంది. తాళ్లు బిగిశాయి. మాను కదిలింది. నేను ఆ మాను మీద ఊగుతూ అతని వీపు చూస్తూ ఊరంతా దాటాను. అతను ఒక్కసారి కూడా తిరగలేదు. లాగడం మాత్రం అందరికన్నా గట్టిగా లాగాడు. నన్ను ఎవరికో ఒప్పజెప్పడానికి ఎంత కష్టపడుతున్నాడో అనిపించింది.

షెడ్డు ముందు ఆపారు. బాబాయి పీపా మీదకెక్కి టెలిఫోన్ డైరెక్టరీ తెరిచాడు.

"ప్రియమైన ఊరివారలారా, మన సిగ్గు చూడ్డానికి వచ్చిన పొరుగూరివారలారా! వరుడు అడవి వంశస్థుడు. వయసు తొంభై. తాగడు, ఎదురు మాట్లాడడు, సాక్సులు ఎక్కడపడితే అక్కడ విప్పడు." ఆడవాళ్ల వైపు నుంచి పెద్ద నిట్టూర్పు. "ఇలోంకా! ఈ పైన్ చెట్టుని, ఎండినా నానినా, పొయ్యిలోకి పోయేదాకా నీ భర్తగా ఒప్పుకుంటావా? గట్టిగా చెప్పాలి, హంగరీదాకా వినపడాలి!"

ఒక్క మాట. తమాషాకి. అందరూ ఎదురుచూస్తున్నారు. గేజా తాడుని చేతికి చుట్టుకుంటూ నేలకేసి చూస్తున్నాడు.

"ఒప్పుకోను," అన్నాను.

జనం విరగబడి నవ్వారు. బాబాయికి నాటకం రక్తికట్టిందని సంబరం. "ఎందుకొప్పుకోవు? అబ్బాయికేం తక్కువ?"

"నాకు పెళ్లయిపోయింది."

ఇంకా నవ్వులు. బ్యాండువాడు డోలు మీద ఒక్కటి కొట్టాడు.

"ఎవరితో, దిక్కుమాలిన పిల్లా?"

"గేజాతో. అదుగో, తెల్లచొక్కా. జనవరి పదిహేడు, శనివారం, పొద్దున పదిన్నర, సోబోటా రిజిస్ట్రారు ఆఫీసు, మొదటి అంతస్తు."

తారీఖు చెప్పేసరికి నవ్వులు ఒక్కోచోట ఒక్కోచోట ఆగిపోయాయి. మొదటి అంతస్తు దగ్గరకి వచ్చేసరికి పూర్తిగా ఆగిపోయాయి. నాటకానికి అంతస్తు ఎవరూ చెప్పరు.

"గేజా!" అన్నాను. నా గొంతు అంత పెద్దదని నాకే తెలియదు. "ఆ రోజు నిన్ను ఒప్పుకుంటావా అని అడిగారు. అవును. అవును అంటున్నాను. వినపడిందా?"

"వినపడింది."

"సగమా?"

"మొత్తం," అన్నాడు. తాడు వదిలేశాడు.

ఆ టీషర్టు ఇంక ఒక్క క్షణం ఒంటి మీద ఉండకూడదనిపించి తల మీదుగా లాగాను. కిరీటానికి చిక్కుకుంది. లోపల నేను, చీకటి, మైనపు పూలు, కొత్త రంగు వాసన. చేతులు పైకి, మొహం గుడ్డలో. నా జీవితంలో అత్యంత గంభీరమైన నిమిషం అలా గడిచింది. ఎవరో మాను మీదకి ఎక్కిన చప్పుడైంది. రెండు చేతులు జాగ్రత్తగా కిరీటం విడదీసి టీషర్టు పైకి లాగేశాయి. వెలుగులో మొట్టమొదట కనిపించింది నీలం దారంతో కుట్టిన గుండీ. అతని మొహమంతా చెమట. జేబురుమాలు లేదు. నా గౌను చేతితో తుడిచాను. ఈసారి అతను వెనక్కి తగ్గలేదు.

---

తర్వాత గొడవ మొదలైంది.

"దొంగపండగ!" అని పక్క ఊరివాళ్లు అరుస్తున్నారు. "పెళ్లి జరిగిన ఊళ్లో పైన్ పెళ్లి! ఇరవయ్యేళ్లు చెప్పుకుంటాం!"

అలదార్ బాబాయి డైరెక్టరీ మూసేశాడు. మీసాలు వాలిపోయాయి. "ఎంత పని చేశావమ్మాయ్. రెండు నెలలు... ఈ మాను... ఈ జనం..." ఆయన్ని చూస్తే నిజంగా జాలేసింది. ఆయన జీవితంలో పెద్ద మంట అదే, నీళ్లతో ఆరేది కాదు.

అప్పుడు 'అడగొద్దు' టీషర్టు జనాన్ని తోసుకుంటూ ముందుకొచ్చింది.

"అలదార్, ఆ పెళ్లికి నువ్వు భోంచేశావా?" అంది షారికా మామ్మ.

"లేదు."

"నేను తిన్నానా? కారెల్, నువ్వు తిన్నావా? పాస్టరుగారూ, తమరు?" నిజం పాస్టరుగారు జనంలోనే ఉన్నారు, నోట్లో క్రోఫీతో. తల అడ్డంగా ఊపారు. "ఊరు తినకుండా ఊళ్లో పెళ్లి ఎలా జరిగినట్టురా? అక్కడ జరిగింది సోబోటావాళ్ల ఆఫీసు పని. మన ఊళ్లో ఇప్పటిదాకా పెళ్లి లేదు. పండగ సక్రమమే. అరిచేవాళ్లని భోజనానికి రావద్దను."

పక్క ఊరివాళ్లు బోగ్రాచ్ వాసన ఒకసారి పీల్చి, ఆలోచించి, ఊరుకున్నారు.

"సరే," అన్నాడు బాబాయి ప్రాణం లేచొచ్చి. "మరి వరుడున్నాడు, వధువు లేదే!"

"నేను కూర్చుంటాను."

ఓల్గా టీచర్. పసుపు లేదు, పచ్చ లేదు. తన గోధుమరంగు కోటు, తన మఫ్లర్. "టీషర్టు అడిగితే మాత్రం దిగిపోతాను," అని ముందే చెప్పి, బాబాయి చెయ్యి పట్టుకుని మాను ఎక్కి, మోకాళ్లు దగ్గరికి చేర్చి మహారాణిలా కూర్చుంది. ఒప్పుకుంటావా అని అడిగితే "అవును!" అంది, వెనక బెంచీకి వినపడే గొంతుతో. బడి పిల్లలు ఎగిరి గంతులేశారు. ఆ రోజు ఆవిడంత సంతోషంగా ఇంకెవరూ కనపడలేదు నాకు.

జనమంతా అటు చూస్తున్నారు. నేను మా అమ్మకోసం చూశాను. ముందు వరసలో లేదు.

షెడ్డు వెనక గంగాళం దగ్గర ఉంది, మాకు వీపు పెట్టి. పొడుగాటి గరిటతో కలుపుతోంది. అవసరానికి మించి కలుపుతోంది. మేమిద్దరం ఆవిడ వెనక నిలబడ్డాం.

"జనవరి పదిహేడు," అంది తిరగకుండానే. "ఓవర్‌టైమ్ అన్నావు."

"అవునమ్మా."

"తెల్లవారి లేచి రొట్టె, కొవ్వులో నిలవపెట్టిన పంది మాంసం కట్టిచ్చాను."

"అవును."

"తిన్నావా?"

"ఇద్దరం తిన్నాం. సంతకాలయ్యాక, ఆఫీసు బయట బల్ల మీద."

"చెరి సగమా?"

"నాకే ఎక్కువ పెట్టింది, ఎతెల్కా పిన్నీ," అన్నాడు గేజా.

"పిన్నేంటి, పిన్ని? జనవరి నుంచి అత్తని కానూ?"

ఆవిడ తిరిగింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. పొగకి అని నేను అనుకోవాలని ఆవిడ కోరిక కాబట్టి, పొగకే.

"నా కూతురి పెళ్లి విందు నేనే వండి పంపాను, నాకే తెలియకుండా. అదీ ఒక్క మనిషికి సరిపడా." గరిట గాల్లో ఆగింది. "చెప్పి ఉంటే ఊరవేసిన దోసకాయలైనా పెట్టేదాన్నిగదే."

"నువ్వు బాధపడతావని..."

"పడ్డాను. పడతాను. ఇంకో వారం పడతాను, అడ్డురాకండి." ముక్కు తుడుచుకుంది. "మా పెళ్లిరోజు మేం ఏమీ తినలేదు. మీ నాన్న బస్సు వెళ్లిపోతుందన్నాడు. ఇంటికొచ్చేసరికి మీ నాయనమ్మ పొయ్యి ఆర్పేసింది. గంటలు లేవని నేనెప్పుడూ అంటానుగానీ, ఆ రోజు గుర్తొస్తే నాకు ముందు ఆకలే గుర్తొస్తుంది." గేజాని ఎగాదిగా చూసింది. "నువ్వెందుకురా అలా గుంజలా నిలబడ్డావు? అల్లుడివి. ఆ మూత తియ్యి. చేత్తో కాదు, కాలుతుంది, గుడ్డ పట్టుకో!"

గేజా మూత తీశాడు. ఆవిరి మా ముగ్గురి మొహాల మీదకి వచ్చింది. అమ్మ ఒకే ఒక్క పళ్లెం తీసుకుని, మంచి ముక్కలు ఏరి ఏరి నింపి, రెండు చెంచాలు గుచ్చి మా చేతుల్లో పెట్టింది. మేం మొదటి ముద్ద మింగేదాకా అక్కడే నిలబడి చూసింది.

తర్వాత గరిటతో గంగాళం అంచు మీద కొట్టింది. ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు. బ్యాండు ఆగింది. మాను మీద ఓల్గా టీచర్ తల తిప్పింది. బాబాయి డైరెక్టరీ చంకలో పెట్టుకున్నాడు. మా అమ్మ, ఎప్పుడూ గట్టిగా మాట్లాడని మా అమ్మ, ఊరికీ పొరుగూరికీ కలిపి కేకేసింది:

"రండి, రండి! మా ఇలోంకా పెళ్లి భోజనం! చల్లారిపోతుంది!"